విరిగిన దవడ – నమూనా, పట్టీ

అన్నంలో సన్నని ఇసుక రేణువు ఉన్నా నమలగానే మీకు తెలిసిపోతుంది. పై పళ్ళు, కింది పళ్ళు అంత కచ్చితంగా కలుసుకొంటాయి. ఒకసారి నోరు మూసి, పళ్ళు కలిపి చూడండి. దవడ విరిగినప్పుడు శస్త్రవైద్యుడు తిరిగి తేవలసింది ఈ కలయికనే. ఎముక అతుక్కొన్నా పళ్ళు సరిగా కలవకపోతే ఆ మనిషికి ముద్ద నమలడం కష్టమే.

కింది దవడ ఎముక గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. దాని రెండు కొసలు చెవుల ముందు కపాలంతో కీళ్ళుగా కలుస్తాయి. అందువల్ల ఒక పక్క దెబ్బ తగిలితే తరచుగా రెండో పక్క కూడా విరుగుతుంది. చేతి గాజు చిట్లినప్పుడు ఒక్కచోటే విరగడం అరుదు కదా!

పూర్వం పై పళ్ళను కింది పళ్ళకు తీగతో కట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు నోరు మూసి ఉంచేవారు. అన్నాళ్ళూ గంజి, పాలు, పండ్ల రసమే ఆహారం. కొన్ని సందర్భాలలో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. 1970లలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బోర్గ్ నగరంలో మాక్సిమ్ షాంపీ బృందం చిన్న లోహపు పట్టీలను దవడపై ఏ రేఖల వెంట బిగిస్తే నమిలే బలాన్ని తట్టుకొంటాయో ప్రయోగాలతో చూపింది. దీనివల్ల చాలామంది రోగులు త్వరగా నోరు తెరవగలిగారు.

ఇక్కడొక చిక్కు ఉంది. పట్టీ తిన్నగా ఉంటుంది, ఎముక వంపులు తిరిగి ఉంటుంది. పట్టీకి, ఎముకకు మధ్య సందు మిగిలితే సాధారణ స్క్రూ బిగించేకొద్దీ ఎముకే పట్టీ వైపు జరుగుతుంది. పళ్ళ కలయిక చెడుతుంది. ఇక రోగి మత్తులో ఉండగా మందపాటి పట్టీని వంచుతూ, పెట్టి చూస్తూ, మళ్ళీ వంచుతూ ఉంటే కాలం గడిచిపోతుంది.

నమూనా ఉపయోగం ఇక్కడే. సి.టి. స్కాన్ దవడను పలుచని పొరలుగా చూపుతుంది. కంప్యూటరు ఆ పొరలను పేర్చి ఆకారం తయారుచేస్తే, ముద్రణ యంత్రం దానిని అసలు పరిమాణంలో పొరమీద పొరగా నిర్మిస్తుంది. కాంతితో ద్రవాన్ని ఇలా గట్టిపరిచే పద్ధతికి అమెరికాలో చార్లెస్ హల్ 1986లో పేటెంటు పొందాడు.

గమనించండి: విరిగిన దవడను స్కాన్ చేస్తే విరిగిన నమూనాయే వస్తుంది! కాబట్టి ముందుగా కంప్యూటరు తెరపై ముక్కలను చోటికి చేర్చాలి. ఒక పక్క క్షేమంగా ఉంటే, అద్దంలో ప్రతిబింబంలా దానిని తిప్పి రెండో పక్కకు కొలతగా తీసుకొంటారు. అలా సరిచేసిన నమూనాపై పట్టీని తీరికగా వంచి, క్రిములు లేకుండా శుద్ధి చేసి, శస్త్రచికిత్సకు సిద్ధంగా ఉంచుతారు.

టైటానియం పొడిని లేజరుతో కరిగించి పట్టీనే రోగి కొలతలకు ముద్రించడం మరో మార్గం. 2011లో నెదర్లాండ్స్‌లో ఒక 83 ఏళ్ళ వృద్ధురాలికి ఇలా ముద్రించిన పూర్తి కింది దవడనే అమర్చారు. అయితే అది విరిగిన దవడ కాదు, ఎముకకు సోకిన వ్యాధి. ఖర్చు చూస్తే చాలాచోట్ల నమూనాపై మామూలు పట్టీని వంచుకోవడమే మేలనిపిస్తుంది. చిన్న విరుపుకు అదీ అక్కరలేదు. శ్వాసకు అడ్డం, రక్తస్రావం ఉంటే ముందు వాటి సంగతి చూడాలి. నమూనా కోసం ఆగరాదు.

పాఠ్యగత ప్రశ్న: దవడ రెండు పక్కలా విరిగిన రోగికి అద్దం పద్ధతి ఎందుకు సరిపోదు? అప్పుడు ముక్కలను చోటికి చేర్చడానికి నోటిలో ఏ ఆధారం మిగులుతుంది?