కిరణాల చికిత్స అంటే భయమెందుకు?

"కరెంటు పెట్టించుకోవాలి" అని డాక్టరుగారు చెప్పగానే ఇంటిల్లిపాదికీ దిగులు పట్టుకుంటుంది. "సిస్టరమ్మా, ఇంటికి తీసుకెళ్తే పిల్లలకి అంటుకుంటుందా?" అని మమ్మల్ని అడిగేవారు ఎందరో. ఆ భయంతో చికిత్స సగంలో మానేసేవారూ ఉన్నారు. సగంలో మానేస్తే గడ్డ మళ్లీ పెరగవచ్చు. అందుకే ఈసారి రేడియోధార్మిక పదార్థాల గురించి, వాటి మీద పరిశోధన చేసిన మన తెలుగువారి గురించి నాలుగు మాటలు తెలుసుకుందాం.

మన దగ్గరి శాస్త్రవేత్త

స్వామి జ్ఞానానంద 1896లో పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో జన్మించారు. అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. హిమాలయాల్లో ధ్యానసాధన చేసి, తర్వాత జర్మనీ వెళ్లారు. అక్కడ భౌతిక శాస్త్రం మీద మనసు పడింది. ప్రాగ్ నగరంలో ఎక్స్‌రే కిరణాలపై పరిశోధన చేసి డాక్టరేట్ పొందారు. ఆ తర్వాత ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుగొన్న ఛాడ్విక్ వద్ద బీటా కిరణాలపై పనిచేశారు. స్వదేశానికి వచ్చాక, 1950లలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దారు. 1969లో కన్నుమూశారు. అక్కడి అణు పరిశోధనాలయానికి ఆయన పేరే పెట్టారు.

బీటా కిరణం ఎంత శక్తితో వస్తుందో కొలవడం ఆయన ముఖ్య పరిశోధన. ఈ కొలత మనకెందుకు? కిరణం శక్తిని బట్టే అది ఒంట్లో ఎంత లోతుకు పోతుందో తెలుస్తుంది. అది తెలిస్తేనే మందు మోతాదు నిర్ణయించగలరు.

అర్ధాయువు అంటే ఏమిటి?

రేడియోధార్మిక పదార్థం కిరణాలు వెదజల్లుతూ తరిగిపోతుంది. సగానికి తగ్గడానికి పట్టే కాలమే అర్ధాయువు. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు తీరాల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది. అందులోని థోరియం సగం కావడానికి సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు పడుతుంది. థైరాయిడ్ జబ్బుకు ఇచ్చే అయోడిన్-131కి 8 రోజులు చాలు. 80 పాళ్లు ఉంటే 8 రోజులకు 40, 16 రోజులకు 20, 24 రోజులకు 10 పాళ్లు మిగులుతుంది. మూత్రంలో కూడా పోతుంది కనుక ఒంట్లో ఇంకా త్వరగా తగ్గుతుంది. దాని బీటా కిరణాలు కండలో ఒకటి రెండు మిల్లీమీటర్లే పోతాయి. అందుకే థైరాయిడ్ గ్రంథిలో చేరి అక్కడే పనిచేస్తాయి.

మీరు అడిగే ప్రశ్నలు

1. ఒంట్లోకి కరెంటు ఎక్కిస్తారా? లేదు. కరెంటుతో నడిచేది యంత్రం. మీ ఒంటిపై పడేవి కంటికి కనబడని కిరణాలే. పడుతున్నప్పుడు నొప్పి ఉండదు.

2. ఇతరులకు అంటుకుంటుందా? బయటి యంత్రంతో చికిత్స అయితే గది దాటాక మీ ఒంట్లో కిరణాలేమీ మిగలవు. పిల్లలను ఎత్తుకోవచ్చు, అందరితో కలిసి తినవచ్చు.

3. అయోడిన్ మందు తాగితే? డాక్టరు చెప్పినన్ని రోజులు చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి. గర్భిణులకు ఈ మందు ఇవ్వరు. పాలిచ్చే తల్లులు ముందే చెప్పాలి. వారు పాలు మాన్పించాకే మందు ఇస్తారు.

4. మంచిదే అయితే సిబ్బంది బయటికి ఎందుకు వెళ్లిపోతారు? మీకు జబ్బు ఉంది కనుక కొద్ది రోజులు, కావలసినంతే ఇస్తారు. సిబ్బంది రోజూ పదుల మందికి ఇస్తారు. రేడియంను కనుగొన్న మేరీ క్యూరీ ఏళ్ల తరబడి రక్షణ లేకుండా పనిచేసి, 1934లో రక్తం తయారు కాని జబ్బుతో మరణించారు. ఆ అనుభవం నుంచే నేటి జాగ్రత్తలు వచ్చాయి.

చికిత్స రోజుల్లో

ఒంటిపై వేసిన గుర్తులు చెరపవద్దు. ఆ చోట పసుపు, నూనె, పౌడరు రాయవద్దు. వదులైన నూలు బట్టలు కట్టుకోండి. నీరసం, చర్మం నల్లబడటం సాధారణమే. నోటిపూత, జ్వరం, విరేచనాలు వస్తే వెంటనే చెప్పండి. అన్నిటికంటే ముఖ్యం, ఒక్క రోజు కూడా మానవద్దు. బస్సు ఖర్చో, ఇంటిపనో అడ్డమైతే ముందుగా మాకు చెప్పండి. కూర్చుని ఆలోచిద్దాం.