ఇల్లు వదిలినవాడు, ఇల్లు లేనివాడు

 

ధమ్మ మిత్రులారా, పాళీలో ‘అనగారిక’ అనే మాట మీరు వినే ఉంటారు. అగారం అంటే ఇల్లు. ఇల్లు విడిచినవాడు అనగారికుడు. సిద్ధార్థుడు ఇల్లు విడిచాడు. ఆయన వెంట నడిచిన భిక్ఖువులు విడిచారు. వాళ్లకు మనం చేతులు జోడిస్తాం. అదే నాంపల్లి స్టేషన్ బయట గోనెపట్టా పరచుకొని పడుకున్న మనిషి కనబడితే చూపు తిప్పుకుంటాం. మరీ మాట్లాడవలసి వస్తే ‘వాడి కర్మ’ అనేస్తాం. పంచశీల తీసుకున్న మన నోటి నుంచి కూడా ఈ మాట వస్తోంది. అందుకే ఈ పాఠం.

భిక్ఖువు తన ఇష్టంతో ఇల్లు వదిలాడు. ఆయన వెనక సంఘం ఉంది, ముందు భిక్ష పెట్టే ఊరు ఉంది. ఫుట్‌పాత్ మీద ఉన్నవాడికి ఈ రెండూ లేవు. ఇంకో సంగతి గమనించండి. ఇల్లు వదిలిన భిక్ఖువుకు కూడా కప్పు అక్కర్లేదని బుద్ధుడు అనలేదు. చీవరం, భిక్షాన్నం, సేనాసనం, ఔషధం అనే నాలుగు అవసరాలలో సేనాసనం అంటే పడుకోవడానికీ కూర్చోవడానికీ చోటు. చుల్లవగ్గంలో ఈ కథ ఉంది. మొదట్లో భిక్ఖువులు చెట్ల కింద, కొండ గుహల్లో, గడ్డివాముల పక్కన రాత్రి గడిపేవారు. రాజగృహ శ్రేష్ఠి అది చూసి వసతులు కట్టిస్తానన్నాడు. బుద్ధుడు ఒప్పుకున్నాడు. శ్రేష్ఠి 60 వసతులు కట్టించాడు. అన్నీ త్యజించినవారికే గోడా కప్పూ కావాలని ఆయన గుర్తిస్తే, ఏదీ త్యజించని కూలివాడికి ‘కర్మ’ చాలని మనమెట్లా అంటాం?

కర్మ గురించి మోళియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి సూటిగా అడిగాడు. మనిషి అనుభవించేదంతా పూర్వం చేసినదాని ఫలమేనని కొందరంటున్నారు, మీరేమంటారని. బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు, ఎదుటివారి దాడి, ఇట్లా ఎనిమిది కారణాలు చెప్పాడు. కర్మ వాటిలో ఒకటి మాత్రమే. ఇది సంయుత్త నికాయంలో ఉంది, చదువుకోండి. పటిచ్చ సముప్పాదం మనకు నేర్పేది కూడా అదే: ఇది ఉంటే అది ఉంటుంది, ఇది ఆగితే అది ఆగుతుంది. కాబట్టి ‘ఈయన ఇక్కడికి ఎట్లా వచ్చాడు?’ అని అడగాలి.

అడిగితే ఏం తెలుస్తుందంటే... పాలమూరు నుంచో మరో వలస జిల్లా నుంచో వచ్చిన అడ్డా కూలీకి పని దొరికిన రోజు కూలి ఉంటుంది, దొరకని రోజు ఉండదు. గది అద్దె మాత్రం నెలనెలా కట్టాలి. సెంట్రింగ్ మీంచి పడి కాలు విరిగితే మూడు నెలలు పని లేదు. రెండో నెలకే గది పోతుంది. గదితో పాటు పెట్టె, పెట్టెలోని కాగితాలు పోతాయి. భర్త పోయాక అత్తింట్లో చోటు లేని ఆడమనిషి, కొడుకులు వంతులేసుకుని చివరికి ఎవరూ ఉంచుకోని ముసలాయన, మతి చెదిరి ఊరు పేరు చెప్పలేనివాళ్లు. తాగుడు కూడా కారణమే, కాదనను. కానీ రోడ్డు మీదికి వచ్చాక చలికీ దోమలకీ తట్టుకోలేక తాగుడు మొదలైనవాళ్లు కూడా ఉంటారు. ఏది ముందో ఏది వెనకో చూడకుండా తీర్పు చెప్పకండి.

కులం సంగతి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1917లో బాబాసాహెబ్ విదేశీ చదువుల నుంచి తిరిగి వచ్చి బరోడా సంస్థానం కొలువులో చేరడానికి వెళ్లారు. ఆ నగరంలో ఆయనకు గది దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో ఉంటే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. ఇద్దరు స్నేహితుల దగ్గరికి వెళ్లారు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరి దగ్గరా చోటు దొరకలేదు. రాత్రి బొంబాయి రైలు వేళ దాకా కామాఠీ బాగ్ అనే తోటలో కూర్చున్నారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయనే రాసుకున్నారు. అంత చదువూ కొలువూ ఉన్న మనిషికే నీడ లేని పూట అది. ఇవాళ టు-లెట్ బోర్డు కింద ‘శాకాహారులకు మాత్రమే’ అని రాస్తే ఎవర్ని వద్దంటున్నారో మీకు తెలుసు.

ఇక రాజ్యం సంగతి. చక్కవత్తి సీహనాద సుత్తంలో ఒక రాజు అన్నీ సక్రమంగా చేశాడు గానీ పేదలకు ధనం ఇవ్వలేదు. పేదరికం పెరిగి దొంగతనం పుట్టింది. పట్టుబడిన ఒక దొంగకు రాజు డబ్బిచ్చి పంపాడు. ఆ మాట విని మరికొందరు దొంగిలించారు. అప్పుడు రాజు తలలు నరికించడం మొదలుపెట్టాడు, దాంతో ఆయుధాలూ హత్యలూ పెరిగాయి. ఒక్కరికి దయ చూపినా, అందరినీ దండించినా పని జరగలేదు. కూటదంత సుత్తంలో పురోహితుడు వేరే దారి చెబుతాడు: సాగు చేసేవాడికి విత్తనం, వ్యాపారికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇవ్వమంటాడు. ఆ రాజ్యంలో జనం తలుపులు వేసుకోకుండా నిద్రపోయారట. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్ రోడ్ల మీది బిచ్చగాళ్లను పట్టుకెళ్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాల్లో పెట్టారు. ఆ పద్ధతి రెండు సుత్తాల్లో దేనికి దగ్గరో మీరే చూడండి.

ఇళ్ల పథకాలున్నాయి కదా అంటారు. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత జాగా ఉన్నవారికి 5 లక్షలు ఇస్తారు. ఫుట్‌పాత్ మనిషికి జాగా ఎక్కడిది? 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షల పైచిలుకు. ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రిలో లెక్కించారు. లక్ష జనాభాకు కనీసం 100 మందికి షెల్టర్లలో చోటు ఉండాలని పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు చెప్పాయి. ఏడాది పొడవునా, రేయింబవళ్లు తెరిచి ఉండాలి. మీ మున్సిపాలిటీలో ఎన్ని ఉండాలో లెక్క వేయండి, ఎన్ని ఉన్నాయో కమిషనర్‌కు అర్జీ పెట్టి అడగండి. ఇది దానం అడగడం కాదు.

మరి విహారం తరఫున మనమేం చేయాలి? ఏప్రిల్ 14న పులిహోర పొట్లాలు పంచుతాం, మంచిదే. ఆళవిలో ఎద్దు కోసం తిరిగి అలసి వచ్చిన పేద రైతుకు బుద్ధుడు ముందు అన్నం పెట్టించి, ఆ తర్వాతే ధమ్మం చెప్పాడు. కానీ పొట్లం ఇచ్చి ఫొటో దిగి వచ్చేస్తే ఆ మనిషి పేరు కూడా మనకు తెలియదు. ఫొటోలు వద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి వారం వారం ఒకే చోటికి వెళ్లండి. ‘అన్నా, ఏ ఊరు? పెద్దమ్మా, ఆరోగ్యం బాగుందా?’ అని కూర్చుని మాట్లాడండి. ఆడవాళ్లు ఉన్నచోటికి మన ఉపాసికలు తప్పక రావాలి. రాత్రిపూట వాళ్ల భయం వేరు, అది మగవాళ్లకు చెప్పరు.

మతి స్థిమితం లేనివారు కనబడితే తరిమెయ్యకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అట్లాంటివారిని రక్షణలోకి తీసుకోవలసిన బాధ్యత పోలీసు స్టేషన్‌ది. ఇల్లు లేనివారికి వైద్యం ఉచితం. సలహాకు 14416, వృద్ధుల కోసం 14567, పిల్లలైతే 1098.

అన్నిటికన్నా ముందు కాగితం. చిరునామా లేదని కార్డు ఇవ్వరు, కార్డు లేదని పింఛను ఇవ్వరు. ఈ ముడి విప్పడానికి ఒక దారి చాలామందికి తెలియదు. ఇల్లు లేనివారు ఓటరుగా నమోదు కావడానికి నివాస రుజువు పత్రం అక్కర్లేదు. ఫారం 6లో తాను నిద్రించే చోటు రాస్తే, బీఎల్‌ఓ ఒకటికంటే ఎక్కువ రాత్రులు అక్కడికి వచ్చి ఆయన అక్కడే పడుకుంటున్నాడా అని చూడాలి. ఉంటే నమోదు చేయాలి. ఎన్నికల సంఘం నియమం ఇది. బీఎల్‌ఓ వచ్చే రాత్రులు మన విహారం నుంచి ఒకరు అక్కడ ఉండండి. పోలీసులు లేపి తరిమితే ఆ మనిషి ఆ చోట కనబడడు, దరఖాస్తు పోతుంది.