ఆ ‘ఇంట్’ని తీసెయ్యకు

అమ్మలూ,

నీ వర్డ్‌ప్రెస్ ప్లగిన్ కోడ్ చూశాను. అనుమతులు తేల్చే మ్యాప్ మెటా క్యాప్ ఫిల్టర్ కోసం రాసుకున్న ఫంక్షన్నే యూజర్ హ్యాజ్ క్యాప్ ఫిల్టర్‌కి తగిలించావు. రెండూ నాలుగేసి ఆర్గ్యుమెంట్లు ఇస్తాయి గానీ వరస వేరమ్మా. మొదటిదాంట్లో మూడోది యూజర్ ఐడీ. రెండోదాంట్లో మూడోది ఒక అర్రే, యూజరేమో ఆబ్జెక్ట్‌గా నాలుగో చోట ఉంటాడు. నువ్వు పెట్టిన ‘ఇంట్’ చోటికి అర్రే వచ్చి పడింది, పీహెచ్‌పీ టైప్ ఎర్రర్ ఇచ్చి ఆగింది. సరిగ్గానే ఆగింది! నువ్వేమో ఆ ‘ఇంట్’ తీసేసి, లోపల ఇంట్‌గా మార్చుకున్నావు.

ఖాళీగా లేని అర్రేని ఇంట్ చేస్తే ఎంతొస్తుందో చూశావా? 1. వార్నింగ్ కూడా రాదు. చాలా సైట్లలో ఒకటో నంబర్ యూజర్ ఎవరు? సైట్ పెట్టిన అడ్మినే. అంటే ఎవరొచ్చినా నీ ఫంక్షన్ వాళ్లని అడ్మిన్ అనుకునే లెక్క చూస్తోంది. పేజీ పగిలితే తెల్లారేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేసి తిడతారు. అనుమతి లేనివాడు దర్జాగా లోపలికెళ్తే ఎవరు చేస్తారు? ఆ ‘ఇంట్’ టైప్ మళ్లీ పెట్టి, వరస సరిచెయ్యి. యాడ్ ఫిల్టర్ చివర 4 అని రాయడం మానకు, లేకపోతే మొదటి ఆర్గ్యుమెంటే అందుతుంది.

ఓనర్‌ని పోల్చే లైన్ కూడా నాకు నచ్చలేదు. పోస్ట్ మెటాలో ఓనర్ నంబర్ లేకపోతే నీకు వచ్చేది ఖాళీ స్ట్రింగ్, దాన్ని ఇంట్ చేస్తే సున్నా. లాగిన్ కాని మనిషి ఐడీ కూడా సున్నాయే. ఇక మూడు ఈక్వల్స్ పెట్టి ఏం లాభం? ఓనర్ లేని పోస్ట్‌కి దారిన పోయే ప్రతివాడూ ఓనరే. 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8 ఇలాంటి పోలికలు కొన్ని సరిచేసింది గానీ, నువ్వే చేతులారా సున్నా చేసి ఇస్తే అదేం చేస్తుంది? ముందు యూజర్ ఐడీ సున్నా కంటే పెద్దదో కాదో చూడు. కాకపోతే అక్కడే ఫాల్స్ ఇచ్చెయ్.

అన్నట్టు, రెస్ట్ రూట్‌లో పర్మిషన్ కాల్‌బ్యాక్‌కి ‘బూల్’ అని రిటర్న్ టైప్ రాయి. వర్డ్‌ప్రెస్ అక్కడ ఫాల్స్, నల్, డబ్ల్యూపీ ఎర్రర్ వస్తేనే ఆపుతుంది. నువ్వు ‘కాదు’ అనుకుని సున్నా ఇచ్చినా లోపలికి పంపేస్తుంది.

ఇవి సరిచేశాక లాగౌట్ అయి, ఓనర్ లేని పోస్ట్ మీద ఒకసారి ప్రయత్నించు. ఆ తర్వాతే రిలీజ్ మాట.

మీ అమ్మని అడిగానని చెప్పు.

— మామయ్య