శెనక్కాయ చేన్లో నడుము ఎందుకు పట్టుకుంటుంది?

శెనక్కాయ పెరికే కాలం వచ్చిందంటే మా అనంతపురం పల్లెల్లో ఏ అరుగు మీద కూర్చున్నా ఒకటే మాట: నడుము పట్టుకునింది. వయసైపోయిందనో, ఒంట్లో బలం లేదనో సరిపెట్టుకుంటాం. మా అవ్వ అయితే దిష్టి అంటుంది. నేను మాత్రం ఇది మన కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టుకు సంబంధించిన విషయం అంటాను.

ముందు ఒక లెక్క. సివిల్, మెకానికల్ వాళ్లకు ఆయిలర్ బక్లింగ్ గుర్తుండే ఉంటుంది. సన్నటి స్తంభం మీద బరువు పెంచుతూ పోతే ఒక హద్దు దాటాక పక్కకు వంగిపోతుంది. కండరాలన్నీ తీసేసి, ఎముకలు, డిస్కులు, లిగమెంట్లు మాత్రమే ఉంచిన నడుము భాగం మీద ప్రయోగశాలలో ఇలాగే బరువు పెడితే, సుమారు 90 న్యూటన్ల దగ్గరే ఒరిగిపోయింది. అంటే తొమ్మిది కిలోలు! మన తల, మొండెం బరువే దానికి ఎన్నో రెట్లు. అయినా నిలబడుతున్నామంటే, కరెంటు స్తంభానికి కట్టిన స్టే వైర్లలా కండరాలు నాలుగు పక్కలా లాగి పట్టుకోబట్టే.

మరి లిగమెంట్లు ఎందుకు? ఎముకను ఎముకకు కట్టే తాళ్లు అని చదువుకున్నాం. అది సగమే. ఆ తాళ్లలో నరాల కొసలున్నాయి. లిగమెంట్ సాగగానే వెన్నుపాముకు కబురు పోతుంది, అక్కడి నుంచి కండరానికి ఆజ్ఞ వస్తుంది. మెదడును అడిగే పనే లేదు. పదో తరగతిలో 'అసంకల్పిత ప్రతీకార చర్య' అని బట్టీ పట్టామే, ఆ జాతిదే ఇది. (ఆ పేరు పెట్టినాయన దాన్ని ఒక్కసారైనా గబగబా పలికి చూశాడో లేదో.) పైగా ఆ కబురు కండరంలోనే ఉన్న వేరే సెన్సర్ల సున్నితత్వాన్ని కూడా సరిచేస్తుంది. అందుకే కండరం అవసరానికి ముందే కొంత బిగువుగా ఉంటుంది. 1992లో యేల్ విశ్వవిద్యాలయంలో మనోహర్ పంజాబీ ఈ వ్యవస్థను మూడు భాగాలుగా వివరించాడు: ఎముకలూ లిగమెంట్లూ, కండరాలు, నరాలు. ఒకటి తగ్గితే మిగతావి సర్దుకోవాలి. ఆయన మెకానికల్ ఇంజినీరింగ్ నుంచి వచ్చినవాడు, అందుకే మనకు ఇట్టే అర్థమవుతుంది.

ఇప్పుడు చేన్లోకి రండి. పూర్తిగా కిందికి వంగినప్పుడు వెన్ను కండరాలు దాదాపు మూగబోతాయి. ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు 1955లోనే ఎలక్ట్రోడ్లు పెట్టి దీన్ని చూపించారు. ఆ భంగిమలో భారమంతా లిగమెంట్లూ డిస్కులే మోస్తాయి. అదే బరువు అలాగే ఉంచితే అవి మెల్లగా సాగుతూ పోతాయి. మనం ల్యాబులో చూసిన క్రీప్ ఇదే. కెనడాలో మెక్‌గిల్, బ్రౌన్ అనే పరిశోధకులు మనుషుల్ని 20 నిమిషాలు పూర్తిగా వంగి ఉండమని, తర్వాత కొలిచారు. లేచిన రెండు నిమిషాలకు వెన్ను బిగువు సగమే తిరిగి వచ్చింది. అరగంటైనా పూర్తిగా రాలేదు.

ఇంకో సంగతి. పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, ఇలా సాగిన లిగమెంటు కండరాన్ని పిలవడం కూడా తగ్గించేసింది. అంటే తాడు వదులు కావడమే కాదు, సెన్సర్ కూడా మొద్దుబారింది. మనిషికి మాత్రం నడుము బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

కరువు దీనికి ఇంకొకటి కలుపుతుంది. చివర్లో వాన పడకపోతే మన ఎర్రనేల రాయిలా బిగుసుకుంటుంది. చెట్టు ఒక పట్టాన రాదు. రెండు చేతులా బలంగా లాగితే ఊడలు తెగి, కాయలు నేలలోనే మిగిలి, చెట్టు ఒక్కసారిగా ఊడొస్తుంది. అంతవరకు లాగుతున్న బలానికి ఎదురు హఠాత్తుగా పోతుంది. ఆ క్షణంలో కొన్ని కండరాలు వదలాలి, కొన్ని పట్టుకోవాలి. ల్యాబులో మనిషిని తాడుతో లాగి పట్టి టక్కున వదిలేసి ఇదే కొలిచారు. దీర్ఘకాలం నడుము నొప్పి ఉన్నవాళ్ల కండరాలు ఆలస్యంగా స్పందించాయి. చేన్లో రోజుకు ఎన్ని వందలసార్లు ఇలా జరుగుతుందో లెక్కేసుకోండి. కూర్చొని పెరికితే సరిపోదా అంటారేమో, గొంతుక్కూర్చున్నా నడుము వంగే ఉంటుంది.

అందుకే నేను మా ఇంట్లో అడిగేది ఒక్కటే. సాలు కొసకు చేరాక వెంటనే మూట ఎత్తొద్దు. రెండు మూడు నిమిషాలు నిటారుగా నిలబడి, అటూ ఇటూ నాలుగడుగులు నడిచి, నీళ్లు తాగి, అప్పుడు ఎత్తండి. "గుత్తకు ఒప్పుకున్నాక నిలబడితే ఎట్లరా?" అంటుంది అమ్మ. గుత్త లెక్కలో ఆ రెండు నిమిషాలకు కూలి లేదు మరి. ఎత్తే మూటలన్నీ మగవాళ్లకు వదిలేసి ఆడవాళ్లు పెరకడమే చేస్తారనుకునేవాళ్లు ఒకసారి మా ఊరి చేలగట్ల మీదికి వచ్చి చూడండి.