గంగవావిలికూర

తొలకరి వానలు కురిసిన వెంటనే చేలగట్లయందును, పెరళ్లయందును, మా పాఠశాల తోటమళ్లయందును విత్తకయే మొలచు కూరలలో గంగవావిలి యొకటి. దీనినే కొన్ని తావుల గంగపాయల కూర యనియు, గంగబాయిల కూర యనియు పిలుతురు. సంస్కృతమున లోణిక యందురు. లిన్నేయసు పండితుడు 1753వ సంవత్సరమున దీనికి పోర్టులాకా ఒలరేసియా యను శాస్త్రనామము నొసగెను.

ఒకనాడు తోటపనివేళ మాలో నొకడు ఈ కూర యనుకొని నేలపై ప్రాకు వేఱొక మొక్కను గంపెడు కోసికొని వచ్చెను. వంటచేయు అవ్వ యందొక కొమ్మను విఱిచి చూపగా తెల్లని పాలు కాఱెను. అది నానుబాల జాతి మొక్క, కూరకు పనికిరాదు. అక్షరము నెఱుగని యామె ఆనాడు మాకు గురువయ్యెను. కావున మొదట గుర్తులను నేర్చుకొందము.

గంగవావిలి కాడలు నున్నగా, గుండ్రముగా, కండపట్టి, తఱచుగా ఎఱ్ఱవాఱి యుండును. ఆకులు దళసరివి, మొదట సన్నగిలి కొనయందు వెడల్పగును. పసుపుపచ్చని చిన్న పూవులు ఎండ వచ్చిన పిమ్మట విచ్చి కొలది గంటలలో ముడుచుకొనును. కాయ భరిణెవలె మూత యూడి నల్లని సన్నగింజలను రాల్చును. కొమ్మను విఱిచిన నీరువంటి రసమే వచ్చును గాని పాలు రావు. గలిజేరు దీనిని కొంత పోలియుండును; కాని దాని పూవులు తెల్లగానో గులాబివన్నెగానో యుండును.

దీనిని పెంచుట సులభము. గింజలు మొలచుటకు వెలుతురు కావలెను. కనుక వానిని ఇసుకతో కలిపి మడిపై చల్లి, మన్ను కప్పక, నీరు చిలుకరింపవలెను. నాలుగంగుళముల కొమ్మను నాటినను బ్రతుకును. నెల, నెలన్నరకు కోతకు వచ్చును. రెండంగుళముల మోడును విడిచి కోసినచో మరల చిగిర్చును. మురుగుకాలువల ప్రక్కను, పురుగుమందు చల్లిన చేలలోను మొలచినదానిని కోయరాదు.

నీరు చాలనపుడు ఈ మొక్క రాత్రివేళ బొగ్గుపులుసుగాలిని గ్రహించి, పులుపుగల ఆమ్లముగా నిలువచేసి, పగలు వాడుకొనును. అట్టి దినములలో ఉదయము కోసిన ఆకు సాయంకాలపు ఆకుకన్న పుల్లగా నుండును.

కందిపప్పుతో వండునపుడు కూరకే పులుపున్నది గనుక చింతపండు తగ్గింపవలెను. 100 గ్రాముల పచ్చియాకులో సుమారు 300 మొదలు 400 మిల్లీగ్రాముల ఒమేగా-3 జాతి క్రొవ్వుపదార్థము గలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆకుకూరలలో ఇది విశేషము. అయితే ఇందు ఆక్జాలిక్ ఆమ్లమును అధికమే. ఉడికించి ఆ నీటిని వంచివేసినను, పెరుగుతో కలిపి భుజించినను దాని బాధ తగ్గును. మూత్రపిండములలో రాళ్లుగలవారు దీనిని మానుట మేలు.

మన పెద్దలు కాలిన పుండ్లపై దీని ఆకు నూరి పట్టువేయుచుండిరి. చీనాదేశమున రక్తవిరేచనములకు వాడుదురు. ఐనను గాయము పెద్దదైనను, వ్యాధి ముదిరినను వైద్యుని చూడవలసినదే. ఆకు వైద్యునికి బదులు కాజాలదు.

ఈ సెలవులలో విద్యార్థులు ఇంటి అవ్వలతో పెరటిలోనికి పోయి, ఒక్కొక్క మొక్కను చూపి దాని పేరును, గుర్తును అడిగి వ్రాసికొని రావలెనని మా కోరిక. వారెఱిగినది మనము వ్రాసికొననిచో వారితోనే పోవును. గుర్తు తెలియని ఆకును మాత్రము ఎవరును నోట పెట్టరాదు.