నడవమని చెబితే చాలదు

బెజవాడ బళ్ళలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాక, పేటల్లో పెద్దవాళ్ళను నడిపించే పని నెత్తికెత్తుకున్నాను. ఇప్పుడా పనిలోకి దిగే కుర్రాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

1. సలహా ఇచ్చే ముందు వీధి చూడండి. లబ్బీపేట ఆయనకు దగ్గర్లోనే ఇందిరాగాంధీ స్టేడియం ఉంది. సింగ్‌నగర్ అవతల వాంబే కాలనీ మనిషికేముంది? ముందు మురుక్కాలవ, వెనక ఆటో హారన్. షుగరు ఇద్దరికీ వస్తుంది. డాక్టరుగారు ఇద్దరికీ రోజూ అరగంట నడవమనే చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కనీసం వారానికి 150 నిమిషాలు, అంటే అరగంట చొప్పున ఐదు రోజులు. ఆ అరగంట ఎక్కడ నడవాలో మాత్రం మందుల చీటీలో ఉండదు.

2. చాకిరీని వ్యాయామం కింద జమకట్టకండి. విద్యాధరపురం, మొగల్రాజపురం కొండల మీద ఇళ్ళున్నవాళ్ళు నడకంటే నవ్వుతారు. “మెట్లెక్కి దిగేసరికే మా పని అయిపోద్ది మాస్టారూ, మళ్ళీ నడకేంటి?” అందొకావిడ, చంకలో బిందె దించకుండానే. అలుపు నిజమే. కానీ విరామం లేకుండా బరువులు మోసే పని, తీరిగ్గా చేసే వ్యాయామమంత మేలు గుండెకు చెయ్యదని పరిశోధకులు అంటున్నారు. ఆవిడకు కావలసింది ఇంటి దాకా కుళాయి, మెట్లకు పట్టుకునే కమ్మీ, నడుం సాగదీసుకోవడానికి పది నిమిషాల తీరిక. కుళాయి కూడా ఆరోగ్య కార్యక్రమమేనా అంటే, ముమ్మాటికీ అవును.

3. ఆడవాళ్ళకు ముందు దీపం, తర్వాత ఉపన్యాసం. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మంది చాలినంత కదలడం లేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో లెక్క తేల్చింది. మగవాళ్ళలో అది 42 శాతం, ఆడవాళ్ళలో 57. బద్ధకమని కొట్టిపారేయకండి. పొద్దున్నే ఆయన రోడ్డెక్కేవేళకు ఆవిడ పొయ్యి దగ్గరుంటుంది. సాయంత్రం వీలు చిక్కినా వీధి దీపం వెలగదు. డ్వాక్రా మీటింగు కాగానే నడక పెడితే మాత్రం వచ్చారు. ఇంట్లో చెప్పుకోవడానికి ఓ కారణం, పక్కన నలుగురి తోడు దొరికాయి. బూట్ల ఊసెత్తకండి, చీరకట్టుతో, హవాయి చెప్పులతోనే నడవనివ్వండి.

4. ఊరంతా నడవడం మనకు కొత్తేం కాదు. భవానీ దీక్షలు విరమించే రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టూ చూడండి. ఎర్రబట్టల్లో కూలీ, ఆఫీసరు, ముసలమ్మ, చంకన పిల్లాడితో తల్లి, అందరూ కుమ్మరిపాలెం, విద్యాధరపురం, చిట్టినగర్ మీదుగా గిరి ప్రదక్షిణ చేస్తారు. చాలామందికి కాళ్ళకు చెప్పులుండవు. బళ్ళు మళ్ళిస్తారు, దీపాలు పెడతారు, మంచినీళ్ళిస్తారు. రాత్రివేళ కూడా ఆడవాళ్ళు జంకరు. ఇందులో భక్తి సగం, బందోబస్తు సగం అంటాను నేను (మా ఇంటావిడ ఒప్పుకోదు). ఫిబ్రవరిలో గుణదల మేరీమాత కొండ దగ్గరా ఇంతే. కొలంబియాలో బొగోటా అనే నగరం ఉంది. అక్కడ 1974 నుంచి ఆదివారాలు రోడ్లను బళ్ళకు మూసి జనానికి వదులుతున్నారు. ఇప్పుడా రోడ్ల పొడవు 120 కిలోమీటర్లు దాటింది. వాళ్ళు వారం వారం చేస్తున్నది మనం పండక్కి చేస్తున్నాం, అంతే తేడా.

5. జూన్ 21 యోగా ఫొటోలు చూసి మురిసిపోకండి. 22న ఎవరు రాలేదో రాసుకోండి.

6. పల్లెల్లో సంగతి వేరు. కోత మిషన్లొచ్చాక గుడివాడ, దివిసీమ వైపు పొలంలో ఒళ్ళు వంచే పని తగ్గి, బైకు పెరిగింది. ‘బడికొస్తా’ పథకం కింద సర్కారు సైకిళ్ళిచ్చినప్పుడు హైస్కూలు ఆడపిల్లలు కాలవగట్టు మీద గుంపుగా పోతుంటే చూడముచ్చటేసేది. సైకిలుతో పాటు గట్టు కూడా బాగుచెయ్యాలి.

7. బీదపేటలో ఖాళీ జాగా అంటే చాలాచోట్ల సర్కారు బడి గ్రౌండే. బడి వదలగానే దానికి తాళం పడుతుంది. హెడ్మాస్టరుగారి భయమూ సబబే. సీసాలు పడేస్తే ఎవరెత్తాలి, కిటికీ పగిలితే ఎవరు కట్టాలి? అందుకే పేటవాళ్ళే ఓ కమిటీ వేసుకోవాలి, ఊడ్చే మనిషి జీతం కార్పొరేషన్ భరించాలి. ఈసారి ఓట్లకొచ్చిన కార్పొరేటరుగారిని ఫంక్షన్ హాలు అడక్కండి. ఎండెక్కకముందే, పొద్దున ఐదు నుంచి ఏడు దాకా, ఆ గ్రౌండు తెరిపించమని అడగండి.