మల పరీక్షల్లో ఏది ఎందుకు?

శీర్షిక చూసి నవ్వుకోండి, ఫరవాలేదు. కాని చివరిదాకా చదవండి. 1681లో హాలెండ్ దేశస్థుడు లీవెన్‌హుక్ తనకు విరేచనాలైనప్పుడు ఆ మలాన్నే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. కదిలే జీవులు కనిపించాయి. అవి జియార్డియా అని తర్వాతివాళ్ళు గుర్తించారు. ఆయన సిగ్గుపడలేదు. మనమెందుకు సిగ్గుపడాలి?

పేగుల్లో ఎవరున్నారు?

2016లో శాస్త్రజ్ఞులు వేసిన లెక్క ప్రకారం ఒక మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయి. ఎక్కువ భాగం పెద్దపేగులోనే. వీటిలో చాలావరకు మనకు చుట్టాలే. మనకు అరగని పీచును అవి పులియబెట్టి పేగుకు బలమిస్తాయి. చెడ్డ క్రిములకు చోటివ్వవు. యాంటీబయాటిక్ మాత్రలు శత్రువుతోపాటు ఈ చుట్టాలనూ చంపుతాయి. అప్పుడే సమతూకం చెడుతుంది. అందుకే కొట్లో అడిగి మాత్రలు మింగెయ్యకూడదు.

ఏ పరీక్ష దేనికి?

1. సూక్ష్మదర్శిని పరీక్ష: అమీబా, జియార్డియా, ఏలికపాముల గుడ్లు, కొంకిపురుగుల గుడ్లు కనబడతాయి. ఒకసారి కనబడకపోతే లేవని కాదు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చూస్తే మంచిది.

2. కల్చర్ పరీక్ష: జ్వరం, నెత్తురు, బంక ఉంటే ఇది. షిగెల్లా, సాల్మొనెల్లా వంటి క్రిములను పెంచి చూస్తారు. రెండు మూడు రోజులు పడుతుంది. ఏ మందుకు లొంగుతాయో కూడా తెలుస్తుంది.

3. విషం పరీక్ష: యాంటీబయాటిక్ వాడాక విరేచనాలు పట్టుకుని ఆగకపోతే, డిఫిసిల్ అనే క్రిమి విషం ఉందేమో చూస్తారు.

4. డి.ఎన్.ఏ. పరీక్ష: పేగు బాక్టీరియా చాలావరకు గాలి తగిలితే బతకవు, మామూలు కల్చర్లో పెరగవు. కాబట్టి వాటి జన్యువులు చదివి జాబితా రాస్తారు. అయితే మంచి జాబితా ఏదో ఎవరూ తేల్చలేదు. మనిషికీ మనిషికీ, తిండికీ తిండికీ అది మారుతుంది. మామూలు వైద్యంలో వాడటానికి ఆధారాలు చాలవని 2024లో పలు దేశాల నిపుణులు కలిసి చెప్పారు. డబ్బు పెట్టి చేయించినా మందు మారదు.

అంటే, ముందు ప్రశ్న, తర్వాత పరీక్ష. "పేగు బాగుందా?" అని అడిగితే ఏ పరీక్షా జవాబు చెప్పదు. "నెత్తురెందుకు పడుతోంది?" అంటే జవాబు దొరుకుతుంది.

ఎలా ఇవ్వాలి?

వెడల్పు మూతి ఉన్న శుభ్రమైన పొడి డబ్బాలో పట్టాలి. మూత్రం, నీళ్ళు కలవకూడదు. నెత్తురు, బంక ఉన్న భాగమే తీయాలి. మందు మొదలుపెట్టకముందే, వీలైనంత త్వరగా అందజెయ్యాలి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ముఖ్య గమనిక: నోరెండిపోయినా, కళ్ళు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా పరీక్ష ఫలితం కోసం ఆగకూడదు. ఓ.ఆర్.ఎస్. తాగుతూ వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. నెత్తురు పడితే రాత్రయినా సరే, వార్డెన్ గారిని లేపి చెప్పెయ్యాలి. దాచుకుంటే మనకే కాదు, పక్క మంచం తమ్ముడికీ అంటుతుంది.

ఆలోచించండి: కల్చర్ పరీక్షకు మాత్ర మింగకముందే ఎందుకివ్వాలి?